లైడెన్ నగరపు సందులలో

(సంఘ మాసిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



“హాలండు దేశమునకు పోయి వచ్చితిరి గదా, అక్కడి విశేషములు కొన్ని చెప్పుడు” అని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సందేహించితిమి. ఆ దేశపు గాలిమరలను, తులిప్ పూదోటలను, ఆమ్‌స్టర్‌డాము చిత్రశాలలను మీరు రంగుల పటములలో ఎన్నిమారులో చూచియున్నారు. వానిని మేమును చూచితిమి. ఆ పని రెండు దినములలో ముగిసినది. తక్కిన తొమ్మిది వారములు ఒకే ఊరిలో, కాలినడకను, ఇరుకు సందులవెంట తిరిగితిమి. ఆ ఊరు లైడెన్. అక్కడ మేము చూచినదానిలో మన సంఘమువారు వినదగిన సంగతి ఒకటి ఉన్నదని తోచి ఈ బరువు నెత్తికెత్తుకొంటిమి.

2019వ సంవత్సరము ఆగస్టు మొదటినుండి అక్టోబరు తొలివారమువరకు మేము, అనగా మా దంపతులము, మా అమ్మాయి ఇంట ఉంటిమి. అల్లునికి అక్కడి పరిశోధనశాలలో అయిదేండ్ల ఉద్యోగము. ఏడేండ్ల మనుమడు ఉన్నాడు. మూడవ యేట అక్కడికి పోయినవాడు. ఇల్లు మూడవ అంతస్తున. ఆ దేశపు మెట్లు నిచ్చెనకు చెల్లెండ్రు. ఒకమారు దిగినవారు మరల ఎక్కుటకు మనసొప్పక పొద్దుగూకువరకు వీధులలోనే ఉందురు. మా నగర పరిశోధనకు మొదటి కారణము ఇదియేనని ఒప్పుకొనుట మంచిది.

లైడెన్ ఆమ్‌స్టర్‌డామునకు రైలులో ముప్పదియైదు నిమిషముల దూరమున ఉన్నది. పాత రైన్ నది రెండు పాయలుగా వచ్చి ఊరి నడుమ కలియును. చుట్టును పాతకోట అగడ్త, లోపల కాలువలు, కాలువలమీద వంతెనలు. యాత్రికులు ఉదయపు బండిలో దిగి, 1590లో స్థాపించిన వృక్షవాటికను, దే ఫాల్క్ అను గాలిమరను, మట్టి దిబ్బమీది గుండ్రని కోటను చూచి, పడవలో ఒక చుట్టు చుట్టి, మధ్యాహ్నపు బండిలో వెడలిపోదురు. రెంబ్రాంటు 1606లో పుట్టిన ఊరని విని ఆ ఇంటికై వెదకువారును కలరు. ఆ ఇల్లు ఎన్నడో పడిపోయినది. గోడకు ఒక పలక మాత్రము ఉన్నది.

మొదటి వారము మేమును ఇట్లే తిరిగితిమి. రెండవ వారమున దారి తప్పి మిడెల్‌స్టెగ్రాఖ్ట్ అను వీధిలో పడితిమి. పేరులో ‘గ్రాఖ్ట్’ అనగా కాలువ. కాని అక్కడ కాలువ లేదు. పూడ్చివేసిరి, పేరు మిగిలినది. ఆ వీధిలో ఒక చిన్న ఇంటి వాకిట నేతగాని ఇల్లు అని వ్రాసియుండగా లోపలికి పోయితిమి.

అది సుమారు 1560లో కట్టిన ఇల్లు. ముందుగదిని నిండించి ఒక మగ్గము. దాని వెనుక అడ్డగోడవలె పెట్టె వంటి పడక. పిల్లలందరును ఎక్కడ పండుకొనెడివారో మాకు అంతుపట్టలేదు. మన గుంటమగ్గమువలె నేలలో కాళ్ళు దింపి కూర్చుండుట లేదు. మగ్గము నేలపై నిలిచి యున్నది, నేయువాడు ఎత్తు బల్లపై కూర్చుండును. పడుగు, పేక, నాడె, అచ్చు, అన్నియు మనవే. మా ఇంటావిడ నేతవారి వీధిలో పుట్టినది. భాష తెలియకున్నను, అక్కడ నేయుచున్న స్త్రీతో చేతి సైగలతోడనే అరగంట మాటలాడినది. తెగిన పోగు అతుకు విధము ఇద్దరిదియు ఒక్కటే అని తేలినది. ఆ ఇంటిని నడుపువారందరును జీతము లేక పనిచేయు ఊరివారు.

ఈ నేతగాండ్రు ఎవరు? ఇక్కడనే మా కథ మొదలగుచున్నది.

1574లో స్పెయిన్ సైన్యము లైడెనును నెలల తరబడి ముట్టడించినది. తిండి లేక, తెగులు తగిలి వేలకొలది జనము చనిపోయిరి. తుదకు డచ్చివారు తమ గట్లను తామే తెగగొట్టి, పొలములమీదికి నీటిని విడిచి, ఆ నీటిమీద పడవలు నడిపి అక్టోబరు 3వ తేది ఊరిని విడిపించిరి. ఆనాడు పంచిన ఉప్పుచేప, తెల్లరొట్టె నేటికిని ఏటేట పంచుదురు. పారిపోయిన శత్రువుల శిబిరములో ఒక కుర్రవానికి దొరకినదని చెప్పు కూర కుండ జ్ఞాపకార్థము ఇంటింట కారెట్టు, ఉల్లి, ఉర్లగడ్డ కలిపి మెదిపి ఒక వంటకము చేయుదురు. ఆనాటికి ఉర్లగడ్డ వారి వంటలలోనికి ఇంకను రాలేదన్న మాట వేరు. పండుగలకు చరిత్ర పరీక్ష పెట్టరాదు. మాంసము తీసివేసి మా అమ్మాయి చేసినది మేమును తింటిమి. తాలింపు లేని లోటు తప్ప బాగుగనే యున్నది.

మరుసటి యేడు, 1575లో, ఊరికి విశ్వవిద్యాలయము వచ్చినది. కాని వేలకొలది జనము పోయిన ఊరు విద్యతోనే బ్రదుకజాలదు. పాతకాలపు ఉన్నినేత అంతకుముందే చితికియున్నది. ఆ సమయమున దక్షిణమునుండి, నేటి బెల్జియము, ఉత్తర ఫ్రాన్సు ప్రాంతములనుండి, మతహింసకును యుద్ధమునకును తాళజాలక నేతగాండ్రు కుటుంబములతో వచ్చిరి. తేలికరకపు ఉన్నిబట్టల పని వారితో వచ్చినది. 1622 నాటికి లైడెన్ జనసంఖ్య సుమారు 45 వేలు. మరి యాభై యేండ్లకు ఆమ్‌స్టర్‌డాము తరువాత హాలండులో అదియే పెద్ద ఊరు.

ఆ బట్టల పరీక్షకై 1640లో కట్టిన భవనము లాకెన్‌హాల్. నేత సరుకును అచ్చట కొలిచి, చూచి, సీసపు ముద్ర వేసెడివారు. 1874నుండి అది వస్తుప్రదర్శనశాల. పెద్ద మరమ్మతు తరువాత మేము పోయిన యేడే తిరిగి తెరచిరి. ముందుగోడమీద ఉన్ని పనుల మెట్లన్నియు రాతిలో చెక్కియున్నవి. లోపల స్వానెన్‌బుర్ఖ్ అను చిత్రకారుడు నాలుగువందల యేండ్ల క్రిందట వ్రాసిన పటములు కలవు. ఒకదానిలో పట్టణలక్ష్మి వంటి ఒక కన్య పాత వృత్తికి వీడ్కోలు చెప్పుచు కొత్త వృత్తికి స్వాగతము పలుకుచున్నది. ఆ కొత్త వృత్తి పొరుగునుండి వచ్చినవారిది. వలస వచ్చినవారి పనిని ఊరి పెద్దలు ఖర్చుపెట్టి పటము వ్రాయించి తమ గోడకు తగిలించుకొనిరి. మేము ఆ పటము ముందర చాలసేపు నిలిచితిమి. మా పూర్వులు మధురానాయకుల కాలమున ఉత్తరమునుండి దిగి వచ్చినవారు. ఈ సభలోని మీలో అనేకుల సంగతియు అట్టిదే. మన పెద్దలు చెరువులు త్రవ్విరి, బట్టలు నేసిరి, కరణీకములు చేసిరి. వారి పటము ఏ గోడమీదనైన ఉన్నదా అని ఆలోచించితిమి.

మీకు మరియొక సందేహము రావచ్చును. డచ్చివారు మన తీరమున వర్తకము చేసినవారే గదా, ఆ సంబంధము ఏమియు లేదా? ఉన్నది. మన పెద్దలు ఒలందావారు అని పిలిచినది వీరినే. 1606 ప్రాంతమున మచిలీపట్టణములోను, తరువాత ప్రళయకావేరిలోను గిడ్డంగులు పెట్టిరి. భీమునిపట్టణములోని వారి సమాధులు నేటికిని కలవు. 1825లో ఆ స్థానములన్నియు ఇంగ్లీషువారి పరమైనవి. కాని వారి కంపెనీకి లైడెనులో శాఖ లేదు. ఆమ్‌స్టర్‌డాము, డెల్ఫ్ట్, హోర్న్ మొదలగు ఆరు పట్టణములలో ఉండెను. కనుక ఆ కథకు ఇది చోటు కాదు. మనకు సంబంధించిన వేరొక వస్తువు లైడెనునకు చేరినది. దానిని గురించి ముందు చెప్పెదము.

ఒక శనివారము మనుమని వెంటబెట్టుకొని పీటర్స్‌కెర్క్ అను పెద్ద చర్చి వెనుకకు పోయితిమి. అక్కడ ఇద్దరు ఎదురెదురుగా వచ్చిన ఒకరు గోడకు అంటుకొనవలసినంత ఇరుకు సందు ఒకటి కలదు. దాని పేరు విలియం బ్రూస్టర్ సందు. గోడమీది పలకను వాడు డచ్చిలో గడగడ చదివి మాకు తెలుగున చెప్పెను:

“తాతా, దీని పాత పేరు కంపు సందు అంట. ఇక్కడ ఇంగ్లీషోళ్ళు పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళంట.”

మా మనుమడు మాకు దుబాసి అయిన దినము అది. సంతోషమును కలిగినది, కొంచెము కలుక్కుమన్నది కూడ.

ఇంగ్లండు రాజుగారి చర్చి పద్ధతి నచ్చక దేశము విడిచిన ఒక గుంపు 1608లో ఆమ్‌స్టర్‌డామునకు వచ్చి, మరుసటి యేడు ఫిబ్రవరిలో లైడెన్ పురపాలకులకు అర్జీ పెట్టుకొన్నది. మేము సుమారు నూరుగురము, స్త్రీ పురుషులము, ఈ ఊర కాపురముండుటకు అనుమతింపుడని. సత్ప్రవర్తన కలిగి, ఊరి చట్టములకు లోబడియుండు యోగ్యులను ఎవ్వరిని కాదనము అని ఆ నెలలోనే పురపాలకులు జవాబిచ్చిరి. అంతే. జామీను ఏమియు అడుగలేదు. గుంపు పెరిగి సుమారు మూడువందల మంది అయినది. వారి బోధకుడు జాన్ రాబిన్సన్. పెద్దలలో ఒకడు ఈ బ్రూస్టరు. పొలము పనులు తెలిసినవారు ఇక్కడ నేత, ఉన్ని దువ్వుట, టోపీలు చేయుట నేర్చుకొనిరి. తరువాత అమెరికాలో వారి వలసకు అధిపతియైన బ్రాడ్‌ఫోర్డు కూడ లైడెనులో నేతగాడే.

బ్రూస్టరు పొట్టకూటికి చేసిన పని మా మనసును పట్టుకొన్నది. విశ్వవిద్యాలయములో చదువవచ్చిన పరదేశపు విద్యార్థులకు ఆయన ఇంగ్లీషు చెప్పెను. లాటిను వ్యాకరణ పద్ధతిని సూత్రములు కట్టి నేర్పెనట. ముప్పది రెండేండ్లు బడిలో తెలుగు చెప్పినవారము మేము. పరాయి ఊర తన భాషను అమ్ముకొని బ్రదుకువాని కష్టసుఖములు కొంత యెరుగుదుము. 1617నుండి రెండేండ్లు ఆయన ఈ సందులోనే అచ్చు పని నడిపెను. ఇంగ్లండు రాజునకు కోపము తెప్పించు పుస్తకములు వెలువడగా, 1619లో డచ్చి అధికారులు అచ్చు అక్షరములను పట్టుకొనిరి.

పదునొకండేండ్లు కాపురమున్న తరువాత, 1620 జూలైలో, వారిలో ఒక భాగము కాలువ పడవలెక్కి డెల్ఫ్స్‌హావెన్ రేవునకు పోయి, అక్కడినుండి ఇంగ్లండు మీదుగా అమెరికాకు పోయినది. మేఫ్లవర్ అను ఆ ఓడ పేరు మీరు వినియుందురు. అందు పోయిన 102 మందిలో సుమారు సగము లైడెనువారు. అట్లు పోవుటకు కారణములు వారే వ్రాసికొనిరి. పని కష్టము. పిల్లలు సయితము పనికి వంగి ముసలివారగుచుండిరి. స్పెయినుతో పండ్రెండేండ్ల సంధి ముగియవచ్చెను, మరల యుద్ధభయము. పిల్లలు కొందరు సైన్యములోను ఓడలమీదను చేరి చేయిజారిపోవుచుండిరి. ఇవి కాక మరియొక కారణమును వారిలో విన్‌స్లో అనునతడు 1646లో అచ్చువేసిన గ్రంథమున చెప్పినాడు. ఇక్కడనే ఉన్నచో తమ భాషను, ఇంగ్లీషువారమన్న పేరును కోల్పోవుదుమని వారు భయపడిరట.

భాష ఒక్కటియే వారిని ఓడ ఎక్కించినదని మేము చెప్పము. అట్లు చెప్పిన చరిత్రకు అన్యాయము. కాని పదునొకండేండ్లలోనే ఆ భయము పుట్టినదన్నది సత్యము.

సందు చివర రాతి అరుగుమీద కూర్చుండి ఈ కథను మనుమనికి వానికి తెలియునట్లు చెప్పితిమి.

“ఎందుకు వెళ్ళిపోయారు తాతా? ఈ ఊరు బాగలేదా?”

“బాగానే ఉందిరా. కాని వాళ్ళ పిల్లలు వాళ్ళ మాట మరచిపోతారని భయపడ్డారు.”

వాడు కొంతసేపు కాళ్ళాడించి అడిగెను: “అయితే మనం కూడా వెళ్ళిపోవాలా?”

వాడు డచ్చి బడిలో చదువుచున్నాడు. నిద్రలో డచ్చిలో పలవరించునని మా అమ్మాయి చెప్పెను. మాతో తెలుగే మాటలాడును. కాని వ్రాయలేడు, చదువలేడు. వానినని ఏమి లాభము? మన ఊరిలోనే ఉన్న మా పెద్దవాని పిల్లలకును ఇంతే. వారికి ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళము. మేము పనిచేసిన బడిలో తెలుగు తరగతికి మా చివరి యేట పదునొకరు పిల్లలు మిగిలిరి. వాని ప్రశ్నకు మేము జవాబు చెప్పక ఐస్‌క్రీము కొనిపెట్టితిమి. ఉపాధ్యాయులు చేయదగిన పని కాదు.

పోయినవారి సంగతి లోకమంతయు ఎరుగును. ఉండిపోయినవారి సంగతి ఎవరు చెప్పుదురు? రాబిన్సన్ తానే పోలేదు. గుంపులో ఎక్కువమంది ఇక్కడనే ఉండిరి గనుక వారితో నిలిచి, 1625లో కాలము చేసెను. పీటర్స్‌కెర్క్‌లో ఆయనను పాతిపెట్టిరి. తరువాత మిగిలినవారు చాలవరకు డచ్చి చర్చిలో చేరి, డచ్చివారిని పెండ్లాడి కలసిపోయిరి. నేడు ఆ ఊర వారి వంశీకులు ఉండియుందురు. తాము ఇంగ్లీషువారమని వారికే తెలియదు.

రాబిన్సన్ ఉండిన స్థలము చర్చికి ఎదురుగా ఉన్నది. ఇప్పుడు అక్కడ ఒక ‘హోఫ్యే’. ఈ మాటకు మనలో సరియైన పేరు లేదు. ఒక నడవ తలుపు త్రోసికొని పోగా లోపల తోట, తోట చుట్టును చిన్న చిన్న ఇండ్లు. మన పాత మండువా ఇంటిని పెద్దది చేసి, ఒక్కొక్క గదిని ఒక్కొక్క ముసలివారికి ఇచ్చినట్లుండును. ధనికులు సంతానము లేకనో పుణ్యమునకో కట్టించి, పేద వృద్ధులకు అద్దె లేక ఇచ్చెడివారు. లైడెనులో ఇట్టివి ముప్పదియైదు వరకు కలవు. అన్నింటికంటె పాతది 1467 నాటిది. వీధిలో పోవువానికి తలుపు తప్ప ఏమియు కనబడదు. పగటివేళ చాల తలుపులు తెరచియే యుండును. మెల్లగా పోయి, మాటలాడక, చూచి రావచ్చును. ఇప్పటికిని జనము కాపురమున్న ఇండ్లు అవి. కిటికీలోనికి తొంగిచూడరాదు. యాత్రికులు చాలమంది ఎరుగని లైడెన్ ఇదియే. మేము పందొమ్మిదింటిని లెక్కపెట్టి చూచితిమి. వర్షమున తడిసిన రాళ్ళు, గులాబీ పొదలు, నడుమ ఒక చేతిపంపు, గోడకు ఆనించిన సైకిలు. ప్రతిదానిలోను ఇంచుమించు ఇవియే. అయినను విసుగు పుట్టలేదు.

రాబిన్సన్ స్థలములోని హోఫ్యే 1683లో జాన్ పెసిన్ అను వర్తకుడును, ఆయన భార్య మారీ ద లనోయియును కట్టించినది. పేర్లనుబట్టియే తెలియును, వీరు డచ్చివారు కారు. వాలూనులు, అనగా నేటి బెల్జియపు దక్షిణ భాగమునుండి వచ్చిన ఫ్రెంచి మాటలాడు జనము. నేత పనితో వచ్చిన ఆ వలసదారులలో ఫ్లాండర్సువారి మాట డచ్చికి దగ్గరిది. వారు త్వరగా కలసిపోయిరి. వాలూనులకు భాష వేరు. 1584లో పురపాలకులు వారికి వ్రౌవెకెర్క్ అను చర్చిని ఇచ్చిరి. అక్కడ ఆరాధన, ఉపన్యాసము, బాప్తిస్మపు పుస్తకము అన్నియు ఫ్రెంచిలో. తమ పేదలను తామే చూచుకొనిరి. పెసిన్ దంపతులు హోఫ్యే కట్టించినదియు వాలూను చర్చివారికే.

ఈ వాలూనులు పోలేదు. ఒక్కరిద్దరు పోయినవారు లేకపోలేదు. వ్రౌవెకెర్క్‌లో 1603లో బాప్తిస్మము పొందిన ఫిలిప్ ద లనోయి అను కుర్రవాడు 1621లో ఇంగ్లీషువారి వెంట అమెరికా చేరెను. వాని ఇంటిపేరే డెలానో అయి, రూజ్‌వెల్టు అధ్యక్షుని పేరున నిలిచినది. కాని గుంపుగా వాలూనులు లైడెనులోనే ఉండిరి. 1685 తరువాత ఫ్రాన్సునుండి పారిపోయి వచ్చినవారును వీరిలో కలసిరి. క్రమముగా ఇంటిమాట డచ్చి అయినది. చర్చిలో ఫ్రెంచి నిలిచినది. పెండ్లికి, చావునకు, ప్రార్థనకు పూర్వుల మాట, సంతలో ఊరి మాట. ఇది మీరెరుగనిది కాదు. మన ఇండ్లలో పెండ్లిపాట తెలుగున పాడి, పాడినవారే దాని అర్థము అడుగుట మనము చూడలేదా?

వ్రౌవెకెర్క్ ఇప్పుడు లేదు. హార్లెమ్మర్ వీధి అంగళ్ళ వెనుక చిన్న మైదానములో దాని మొండిగోడలు కొన్ని నడుము ఎత్తున నిలిచియున్నవి. మేము పోయినప్పుడు బడిపిల్లలు వానిమీద కూర్చుండి ఉర్లగడ్డ వేపుడు తినుచుండిరి. వారిలో ఎందరు వాలూనుల బిడ్డలో! అడిగిన వారికే తెలియకపోవచ్చును.

ఇక మన వస్తువు. ఆనైమంగళము అను గ్రామమును నాగపట్టణములోని చూడామణి విహారమునకు దానమిచ్చిన చోళ తామ్రశాసనములు డచ్చివారి చేతబడి ఆ దేశమునకు పోయి, 19వ శతాబ్దమున లైడెన్ విశ్వవిద్యాలయమునకు చేరినవి. లైడెన్ శాసనములు అను పేరే చరిత్రకారులలో స్థిరపడినది. పెద్ద శాసనము ఇరువదియొక్క రేకులు, సుమారు 30 కిలోల బరువు, కొంత సంస్కృతము, చాలభాగము తమిళము. చిన్న శాసనము మూడు రేకులు, కులోత్తుంగచోళునిది. ఈ కులోత్తుంగుడు ఎవడు? నన్నయభట్టారకునిచేత భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుని కుమారుడు. వేంగి రాజవంశమున పుట్టి, 1070లో చోళ సింహాసనమెక్కి, తమిళమున దానపత్రము వ్రాయించెను. తండ్రి ఆస్థానములో తెలుగు, కుమారుని శాసనములో తమిళము. మనము పరాయి నేలమీద తెలుగును గురించి వాదులాడుకొనునపుడు ఈ తండ్రీకొడుకులను జ్ఞాపకము చేసికొనవలయునని మాకు తోచినది. ముందుగా అనుమతి వ్రాయించుకొననందున ఆ రేకులను మేము చూడలేకపోతిమి. తప్పు మాదే. వానిని తిరిగి ఇప్పింపుమని భారత ప్రభుత్వము కోరుట మీరు పత్రికలలో చదివియుందురు. దానపత్రము దానమిచ్చిన నేలమీద ఉండుట న్యాయమని మా అభిప్రాయము.

లైడెనువారు మనకు చేసిన మేలు కూడ చెప్పవలయును. నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకిన ప్రాకృత శాసనములను చదివి ప్రకటించిన ఫోగెల్ పండితుడు ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు. 1925లో అక్కడ కెర్న్ సంస్థను స్థాపించినవాడు. ఇక్ష్వాకు వంశపు స్త్రీలు కృష్ణాతీరమున చేసిన దానముల వివరము లోకమునకు ఆ కాలువ ఒడ్డున కూర్చున్నవాని వలన తెలిసినది.

ఊరి నడుమ పెద్ద చెట్లతో ఒక తోట కలదు. అంత ఇరుకైన ఊర అంత ఖాళీ ఎట్లు వచ్చెనని అడిగితిమి. 1807 జనవరి 12వ తేది తుపాకిమందు నింపిన ఓడ ఒకటి అక్కడి కాలువలో పేలిపోయినది. సుమారు నూటయాభై మంది చనిపోయిరి. కూలిన ఇండ్ల చోటు తోట అయినది. దాని ప్రక్కనే, 1908లో హీలియము వాయువును మొదటిమారు ద్రవముగా మార్చిన పరిశోధనశాల. ఇది చెప్పక వచ్చితిమా, మా అల్లుడు మమ్ము క్షమింపడు.

చివరగా గోడలు. లైడెనులో ఇండ్ల గోడలమీద కవితలు వ్రాసియుందురు. 1992లో ఒక పుస్తకాల అంగడి గోడమీద రష్యను కవయిత్రి త్స్వెతాయెవా కవితతో ఈ పని మొదలైనది. 2005లో నూటయొకటవది స్పెయిన్ కవి లోర్కాది. తరువాత ఇంకను చేరినవి. విశేషమేమనగా, ఏ భాష కవితను ఆ భాషలో, ఆ లిపిలోనే వ్రాయుదురు. తర్జుమా క్రింద చిన్న పలకమీద. రష్యను, గ్రీకు, జపాను అక్షరములు రెండంతస్తుల ఎత్తున నిలుచును. ఊరివారిలో చాలమందికి చదువరాదు. అయినను ఎవ్వరును చెరపరు. వెలిసిపోయినవానికి తిరిగి రంగు వేయుదురు. తన గోడమీద తనకు రాని లిపిని ఉండనిచ్చు ఇంటివాడు మాకు లాకెన్‌హాల్ పటముకంటె గొప్పవాడుగా తోచెను. మేము తిరిగిన వీధులలో తెలుగు కనబడలేదు.

అక్టోబరు మొదటి వారము, మేము బయలుదేరుటకు రెండు దినముల ముందు, వాకిటి ఇటుక బాటమీద సుద్దముక్కతో మనుమని కూర్చుండబెట్టి అ ఆ ఇ ఈ వ్రాయించితిమి. కొమ్ములు వంకర పోయినవి. ‘ఋ’ దగ్గర మొరాయించెను. ఎదురింటి ముసలమ్మ కుక్కతో వచ్చి, నిలిచి, అక్షరములను త్రొక్కక చుట్టి నడచి, వానిని ఏదో అడిగెను. వాడు డచ్చిలో చాలసేపు చెప్పెను. ఏమి చెప్పెనో మాకు తెలియదు. నడుమ ‘తాత’ అన్న మాట ఒక్కటి వినబడినది. ఆ రాత్రియే వర్షము వచ్చినది.

ఇప్పుడు ప్రతి ఆదివారము వాడు టెలిఫోనులో పది నిమిషములు మాకు చదివి వినిపించవలయునని ఏర్పాటు. ఒత్తులవరకు వచ్చినాడు. ఆ విషయమున ఇంతకంటె చెప్పగలది మాకు లేదు.

లైడెన్ పటములు కొన్నియు, నేతగాని ఇంటిలో మా ఇంటావిడకు ఆ స్త్రీ ఇచ్చిన గుడ్డ ముక్కయు సంఘ పఠనాలయపు బల్లమీద ఉంచితిమి. నేత తెలిసినవారు ఆ గుడ్డ అల్లిక ఏ రకమో చూచి చెప్పినచో సంతోషింతుము. మా ఇంట దానిమీద ఇంకను తగవు తీరలేదు.